ఆక్సిజన్ లైటు వెంట కొల్లేరు దాకా

గురువారం ఉదయం ఆరూ పదికి తాడేపల్లిగూడెంలో మా ఇంటి ముందు నుంచి బయల్దేరాను. నేనే నడుపుతూ, ఒక్కదాన్నే. పక్క సీట్లో మంచినీళ్ల సీసా, డబ్బాలో నాలుగు దిబ్బరొట్టె ముక్కలు. వెనక సీట్లో బట్టల సంచి. డిక్కీలో నూకాలమ్మ గారు తెమ్మన్న నాలుగు పెద్ద అల్యూమినియం బేసిన్లు. ఎదురుగా మీటర్ల మధ్యలో పసుపుపచ్చగా వెలుగుతున్న ఇంజను బొమ్మ. అది నాతో ప్రయాణం చేయబట్టి అప్పటికి నాలుగు నెలలు.

ఈ ప్రయాణమంతా ఆ బొమ్మ గురించే. బుధవారం భోజనాల దగ్గర మావారు తేల్చి చెప్పేశారు. "ఆదివారం తణుకు నుంచి బండి చూసుకోడానికి వస్తున్నారు. ఈలోగా ఆ లైటు ఆరిందా, సరే. ఆరలేదా, ఇచ్చేద్దాం. ఇంక దీని గురించి నన్ను విసిగించకు."

ఆయన్ని పూర్తిగా తప్పు పట్టలేను. అంతకు ముందు వారం ఆయన్ని ఎక్కించుకుని భీమడోలు వెళ్తుంటే హైవే ఎక్కీ ఎక్కగానే బండి రెండుసార్లు తన్నుకుంది. వెనకనుంచి లారీ హారన్ మోత. మావారు సీటు బెల్టుని రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నారు. నాకు నవ్వొచ్చింది గాని నవ్వితే అప్పుడే దిగిపోయేవారు.

అయితే నా సంగతీ చెప్పాలి. మాది స్టీలు సామాన్ల కొట్టు. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచీ నేనూ కొట్లో కూచుంటున్నాను. గిన్నె కొన్నవాళ్లకి దానిమీద పేరు కొట్టి ఇవ్వడం మావారి పని. చిన్న మిషను ఉంటుంది, పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుని జుర్రుమంటూ రాసేస్తారు. మా ఇంట్లో గిన్నెలన్నిటి మీదా మా మావగారి పేరే ఉంది. బీరువా ఆయన తెచ్చిందే, మంచాలు అత్తగారివి, ఫ్రిజ్జు మావారు నచ్చి కొన్నది. యాభై రెండో ఏట నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఆ ఏడాదే ఈ పాత పెట్రోలు కారు చూసి, నడిపి, ఇదే కావాలని పట్టుబట్టాను. నా అంతట నేను ఎంచుకున్న వస్తువు అదొక్కటే. దాన్ని తణుకు వాళ్లు తోలుకుపోతుంటే అరుగు మీద నిలబడి చూడ్డం నావల్ల కాదు.

ఉంగుటూరు దాటాక మంచు విడిచింది. ఏడింటికి భీమడోలు దగ్గర రోడ్డు పక్కన ఆపి టీ తాగాను. టీ పోసినావిడ కారు వైపు చూసి, "మీరొక్కరే వచ్చారాండీ? సార్ రాలేదా?" అంది. రాలేదన్నాను. "ఎంచక్కా" అని ఇంకాస్త అల్లం టీ పోసింది. ఆవిడ పుణ్యమా అని దిబ్బరొట్టె రుచి పెరిగింది.

ఎనిమిదిన్నరకి ఏలూరు. మెకానిక్కు ప్రసాదు గారి షెడ్డు తొమ్మిదింటికి తెరుస్తారు. ఆ అరగంటా కాలవ గట్టున బండి నీడన పెట్టి కూచున్నాను. ప్రసాదు గారు మంచివారే. పని వచ్చు, మాట మెత్తన. ఒక్కటే ఇబ్బంది. నేను ఎంత చెప్పినా ఆయన చివర్న "సార్‌తో మాట్లాడతాన్లెండి" అంటారు.

ఆ రోజూ స్కానర్ తగిలించి చూసి తల గోక్కున్నారు. అదే కోడు. నాకిప్పుడు పాఠంలా వచ్చేసింది. ఇంజనులోంచి పొగ బయటకొచ్చే గొట్టంలో ఆక్సిజన్ సెన్సార్ అని ఒకటుంటుంది. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో వాసన చూసి బండిలోని కంప్యూటరుకి చెబుతుంది. దాన్నిబట్టి అది పెట్రోలు ఎక్కువో తక్కువో పోస్తుంది. మా సెన్సార్ నాలుగు నెలలుగా ఒకటే పాట: ఆక్సిజన్ ఎక్కువుంది, ఎక్కువుంది. కంప్యూటరేమో పెట్రోలు గుమ్మరిస్తోంది. మైలేజీ పడిపోయింది. సెన్సార్ పాడైందని ఒకసారి మార్చారు. రెండు రోజులకి లైటు మళ్లీ వచ్చింది. కొత్తదే పాడు ముక్కేమోనని ఇంకోటి మార్చారు. మూడో రోజున మళ్లీ వచ్చింది.

"ఇప్పుడు చూస్తే రీడింగు బాగానే ఉందండీ" అన్నారు ప్రసాదు గారు. "ఇంక కంప్యూటరు బాక్సే మార్చాలేమో. చాలా అవుతుంది. సార్‌తో మాట్లాడతాన్లెండి."

"ప్రసాదు గారూ, నేను రెండుసార్లు చెప్పాను. పొద్దున్నే స్టార్ట్ చేస్తే ఇంజను దగ్గర టిక్ టిక్ టిక్‌మని చప్పుడొస్తుంది. ఓ పది నిమిషాలకి ఆగిపోతుంది."

ఆయన బండి స్టార్ట్ చేసి చెవి పెట్టారు. యాభై కిలోమీటర్లు నడిచి వేడెక్కిన ఇంజను బుద్ధిగా జుయ్‌మంటోంది. "ఏం లేదండీ. పాత బండి కదా, మీకలా అనిపిస్తుంది" అన్నారు.

అనిపిస్తుంది! ముప్పై ఏళ్లు గిన్నెల మధ్య బతికినదాన్ని. బిందెని వేలితో కొడితే ఎక్కడ చిల్లుందో చెబుతాను. ఒళ్లు మండిపోయింది. బాక్సూ వద్దు, ఏమీ వద్దు, సాయంత్రం చెబుతానని బయటకొచ్చేశాను. రోడ్డెక్కాక గాని ఏడుపు రాలేదు. వచ్చింది మాత్రం గట్టిగానే.

ఇంటికి తిరిగిపోతే శుక్ర, శని గడిచిపోతాయి, ఆదివారం వస్తుంది. నూకాలమ్మ గారికి బేసిన్లు ఇస్తానని మాటిచ్చాను. ఎలాగూ ఇది ఆఖరి ప్రయాణమే అయితే ఆ ప్రయాణం కొల్లేటికే కానీ అనుకున్నాను. నూకాలమ్మ గారు కొల్లేటికోటలో ఉంటారు. పదిహేనేళ్లుగా చేపలకి కావలసిన బేసిన్లు, తపేలాలు మా కొట్లోనే కొంటారు. వచ్చినప్పుడల్లా "మా ఊరు ఎప్పుడొస్తారండీ?" అని అడుగుతారు. ఎప్పుడూ నవ్వి ఊరుకునేదాన్ని.

పదకొండింటికి ఏలూరు బస్టాండు దగ్గర భోజనం. పప్పు, వంకాయ, గడ్డపెరుగు. అక్కణ్ణించే నూకాలమ్మ గారికి ఫోన్ చేశాను. సిగ్నలు సరిగా లేదు. "వస్తున్నానండీ, బండిలో ఆక్సిజన్ తేడా వచ్చింది, దార్లో ఏమవుతుందో ఏమో, నెమ్మదిగా వస్తా" అని అరిచి చెప్పాను. అవతల ఏదో కంగారుగా అన్నారు, లైను తెగిపోయింది.

ఈ దారిన వెళ్లేవాళ్లకి ఒక మాట. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు పట్టుకోండి, తొందర పడకండి. ఊరు దాటిన కాసేపటికే రెండు వైపులా నీళ్లు మొదలవుతాయి. ఏది చేపల చెరువో, ఏది కొల్లేరో, గట్టు చూసి పోల్చుకోవలసిందే. ఆ గట్ల గురించి అక్కడ దశాబ్దాల తగవులున్నాయి, కొత్తవాళ్లం మనం నోరెత్తకపోవడం మేలు. కానీ ఆ నీళ్ల మీద శీతాకాలపు ఎండ ఎలా పడుతుందో నేను చెప్పలేను. ఒకచోట ఆపి దిగాను. గూడబాతులు వందల్లో ఉన్నాయి. ఇంతింత ముక్కులేసుకుని, సంచులు వేలాడదీసుకుని, సంతకొచ్చిన పెద్దమనుషుల్లా నీళ్లలో నిలబడి ఉన్నాయి. గూడెం నుంచి ఇంత దగ్గర. యాభై ఎనిమిదేళ్లొచ్చాక చూస్తున్నాను. కారు లేకపోతే ఇప్పుడూ చూసేదాన్ని కాదు.

కైకలూరు దాటి ఆలపాడు దగ్గర లోపలికి తిరిగాను. సన్నటి రోడ్డు, ఎదురుగా చేపల లోడు వస్తే గట్టు వారకి తీసి ఆగాలి. రెండున్నరకి కొల్లేటికోట పొలిమేరలో చూస్తే రోడ్డు మీద నలుగురు మగాళ్లు, వాళ్ల ముందు నూకాలమ్మ గారు. ఒకాయన భుజాన ఆక్సిజన్ సిలిండరు, ఇంకొకాయన చేతిలో రబ్బరు గొట్టం, మిగతా ఇద్దరి దగ్గర నీళ్ల బకెట్లు. నన్ను చూడగానే చేతులూపుతూ పరిగెత్తుకొచ్చారు. ఊళ్లో ఎవరికో ప్రాణం మీదకొచ్చింది, నా కారులో ఆస్పత్రికి తీసుకెళ్లాలి కాబోలనుకున్నాను.

"డిక్కీ తియ్యండి, డిక్కీ!" అని అరిచారు సిలిండరాయన.

తీశాను. నాలుగు బేసిన్లు. ఒక్కొక్కటీ ఎత్తి కింద చూశారు, డిక్కీ మూలల్లోకి తొంగిచూశారు. ఖాళీ.

"పిల్లలేవండీ?" అన్నారాయన.

"ఎవరి పిల్లలు?" అన్నాను బిక్కచచ్చిపోయి.

"చేపపిల్లలండీ! బండిలో ఆక్సిజన్ అయిపోతోందన్నారంట కదా?"

సంగతేంటంటే ఆ ఊళ్లో బండిలో ఆక్సిజన్ తేడా అంటే ఒకటే అర్థం. చేపపిల్లల్ని నీళ్లూ ఆక్సిజనూ నింపిన ప్లాస్టిక్ సంచుల్లో తెస్తారు. దార్లో ఆక్సిజన్ తగ్గిందంటే పిల్లలు చచ్చిపోతాయి. నేను చేపల వ్యాపారం మొదలెట్టానని, మొదటి లోడు చంపుకుంటున్నానని నూకాలమ్మ గారు కంగారుపడి మనుషుల్ని పోగేశారు. నేను మీటర్ల దగ్గర లైటు చూపించి అసలు సంగతి చెప్పాను. అందరూ ఒక నవ్వు నవ్వారూ, గట్టున కొంగలన్నీ ఎగిరిపోయాయి. నూకాలమ్మ గారు కొంగు నోటికడ్డం పెట్టుకుని "మా అమ్మే, మా తల్లే" అంటూ నా చెయ్యి పట్టుకున్నారు. పొద్దుణ్ణించీ నా మీద ఉన్న బరువు ఆ నవ్వుతో సగం దిగిపోయింది.

నవ్వనివారు ఒక్కరే. సిలిండరు కింద పెట్టిన ఆయన, నూకాలమ్మ గారి భర్త సింహాచలం గారు. అరవై దాటి ఉంటాయి. చెరువుల మీద నీళ్లు తోడే ఇంజన్లు విప్పి బిగించడం కూడా ఆయనే చేసుకుంటారట. లైటు వైపే చూస్తూ, "ఈ మీటరు ఏం చెబుతోందండీ, ఆక్సిజన్ తక్కువనా, ఎక్కువనా?" అన్నారు.

"ఎక్కువని. రెండుసార్లు మార్చారు. మళ్లీ అదే చెబుతోంది."

"మూడు మీటర్లూ ఒకే మాట చెబితే మీటరు తప్పెందుకవుతుందండీ?" అన్నారు. "మా చెరువు దగ్గర మీటరు తేడా చూపిస్తే మేం మీటరు మార్చం. చెరువు చూస్తాం."

నాలుగు నెలల్లో నన్నెవరూ ఇంత సూటిగా ఆలోచింపజెయ్యలేదు. గబగబా టిక్ టిక్ సంగతి చెప్పాను. పొద్దున్నే వస్తుందనీ, పది నిమిషాలకి పోతుందనీ, ఏలూరు వెళ్లేసరికి వినపడదనీ. ఆయన నా మాట మధ్యలో తుంచలేదు. మొత్తం విని, "మెకానిక్కు గారు ఎన్నింటికి చూస్తారండీ?" అని అడిగారు.

"తొమ్మిదింటికి. ఒక్కోసారి మధ్యాహ్నం."

"పొద్దెక్కాక చూస్తే ఏ చెరువైనా బాగానే ఉంటుందండీ" అన్నారు సింహాచలం గారు. "చెరువులో ఆక్సిజన్ తగ్గేది తెల్లారగట్ల. ఎండ పడ్డాక నీరు కోలుకుంటుంది, చేప కిందకి దిగిపోతుంది. రోగం దాక్కుంటుంది. అందుకే మేం తెల్లారకముందే గట్టు మీదుంటాం. మీ బండీ అంతే. ఇవాళ దాన్ని ముట్టుకోకండి. చల్లబడనివ్వండి. పొద్దున చూద్దాం."

అలా, మావారికి ఫోన్లో ఒక మాట చెప్పి, నేను కొల్లేటికోటలో ఆగిపోయాను. సాయంత్రం నూకాలమ్మ గారు అమ్మవారి గుడికి తీసుకెళ్లారు, పడవెక్కించి చిన్న చుట్టు తిప్పారు. భోజనం దగ్గర మాత్రం నాకు బెంగగా ఉంది. మేం చేపలు తినం, వాళ్లింట్లో చేప లేని రోజుండదు. ఎలా చెప్పాలా అని నలుగుతుంటే నూకాలమ్మ గారు కొత్త స్టీలు గిన్నెలో టమాటా పప్పు తెచ్చి నా ముందు పెట్టారు. గిన్నె అడుగున స్టిక్కరు ఇంకా ఊడలేదు. మా కొట్లో నా చేత్తో నేనంటించినదే. "మీరు వస్తారని ఎప్పుడో కొని దాచానండీ. దీంట్లో ఇంకేం వండలేదు" అన్నారు. మేం ముప్పై ఏళ్లుగా గిన్నెలు అమ్ముతున్నాం గాని, ఒక గిన్నెతో ఇంత మర్యాద చెయ్యొచ్చని నాకు తెలీదు.

శుక్రవారం ఐదున్నరకి లేపారు. బయట మంచు. ముందు చెరువు దగ్గరకి వెళ్లాం. సింహాచలం గారు టార్చి నీళ్ల మీద వేసి చూస్తూ నిలబడ్డారు. అక్కడక్కడా చేపలు పైకొచ్చి నోరు తెరుస్తున్నాయి. ఆయన మీటరు ముంచి చూసి, నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు వేశారు. తెడ్లు గిరగిరా తిరిగి నీళ్లు తెల్లగా ఎగజిమ్మాయి. పావుగంటలో ఒక్క చేపా పైన లేదు. ముప్పై ఏళ్లుగా ప్రతి తెల్లవారుజామునా ఇలాగే వస్తున్నారట. ఒంట్లో బాగోకపోయినా, వాన పడుతున్నా. నూకాలమ్మ గారు "మా పెళ్లి రోజు పొద్దున్న కూడా ఈయన చెరువు దగ్గరే ఉన్నారండీ" అన్నారు, ఇంకా కోపం పోనట్టు.

తర్వాత నా బండి. బానెట్టు ఎత్తారు. సింహాచలం గారు చెంబులో బట్టల పౌడరు కలిపి నురగ తీశారు. సిలిండరు గొట్టం ఎక్కడ కారుతోందో వాళ్లు అలాగే పట్టుకుంటారట. "ఇంజను ముట్టించగానే చూడాలండీ. వేడెక్కితే ఇనుము ఉబ్బి సందు మూసుకుపోతుంది" అన్నారు. నూకాలమ్మ గారు తడి గోనెసంచి మడిచి వెనక సైలెన్సరు దగ్గర కూచున్నారు.

తాళం తిప్పాను. టిక్ టిక్ టిక్ టిక్.

"అదీ!" అన్నాను, గెలిచినంత గట్టిగా.

"వినపడుతోందండీ, బాగా వినపడుతోంది" అన్నారు సింహాచలం గారు. ఆ మాట చాలు, ఆయనకి దండం పెట్టొచ్చు. ఇంజనుకీ పొగ గొట్టానికీ కలిసే అతుకు మీద నురగ నీళ్లు పోశారు. నూకాలమ్మ గారిని సంచి ఒక్క క్షణం అడ్డం పెట్టమన్నారు. పొగకి దారి లేక అతుకు దగ్గర బుడగలు లేచాయి. ఒకటి, రెండు, తర్వాత వరసగా, చేప ఊపిరి తీసినట్టు. సంచి తీసేశారు. ఆయన టార్చి వేసి అతుకు పక్కన నల్లటి మసి చార చూపించారు.

"పొగ ఇక్కడ బయటకి పోతోందండీ. పొగ వచ్చేది దఫదఫాలుగా కదా. దఫాకీ దఫాకీ మధ్యన బయట గాలి ఇట్నుంచే లోపలికి పోతుంది. దాని పక్కనే మీ సెన్సారు. దానికి బయట గాలే తగిలి, ఆక్సిజన్ ఎక్కువుంది మొర్రో అంటోంది. అబద్ధం చెప్పట్లేదు పాపం" అన్నారు. పది నిమిషాలకి టిక్ టిక్ ఆగింది. బుడగలూ ఆగాయి. ఎండ మాత్రం ఇంకా రాలేదు.

ఏడున్నరకి బయల్దేరాను. బేసిన్లకి డబ్బు తీసుకోమని వాళ్లు, తీసుకోనని నేను, పది నిమిషాలు రోడ్డు మీద తోపులాట. చివరికి నూకాలమ్మ గారే గెలిచారు.

పదింటికి ఏలూరు షెడ్డులో సంగతంతా చెప్పాను. ప్రసాదు గారు "సార్‌తో" అనబోయి ఆగారు. టార్చి తీసుకుని అతుకు పక్కన మసి చార చూశారు. చాలాసేపు చూశారు. "తప్పు నాదేనండీ. మీరు చెప్పినప్పుడే ఒక రాత్రి బండి ఉంచుకుని పొద్దున్నే వినాల్సింది" అన్నారు. పని తెలిసినవాడు అలా ఒప్పుకోవడం నేను చాలా తక్కువగా చూశాను. నా కోపం అక్కడితో సరి. విప్పితే అతుకు మధ్య ఉండే గ్యాస్కెట్ ఒక పక్క కాలిపోయి ఉంది, దాన్ని బిగించే బోల్టు ఒకటి విరిగి ఉంది. రెండూ కొత్తవి వేస్తానన్నారు. "బండి ఇక్కడే ఉంచండి. రేపు పొద్దున ఆరున్నరకి రండి. చల్లటి ఇంజను మీరే స్టార్ట్ చేద్దురుగాని."

సాయంత్రం దాకా షెడ్డులోనే ఉండి పని చూశాను, ఐదు దాటాక పాసింజరు రైలు దొరికింది. కిటికీ పక్కన కూచున్న రిటైరైన లెక్కల మాస్టారు నా కథ విని, "అయితే అమ్మా, కొలిచే వేళ తప్పితే లెక్క తప్పుతుందన్నమాట" అన్నారు. అంతేనండీ అన్నాను. ఆరున్నరకల్లా గూడెంలో దిగాను.

ఇంటికెళ్లి మావారితో ఒకటే చెప్పాను. "రేపు పొద్దున్నే మీరు నాతో ఏలూరు రావాలి."

"మధ్యాహ్నం వెళ్దాం, కొట్టు చూసుకుని."

"మధ్యాహ్నం చూస్తే ఏ బండైనా బాగానే ఉంటుంది" అన్నాను. ఆయన నా మొహం చూసి అలారం పెట్టుకున్నారు.

శనివారం తెల్లవారుజామున మొదటి రైలు. చలికి మావారు మఫ్లరు చుట్టుకుని, దారంతా మూతి ముడుచుకుని కూచున్నారు. ఆరున్నరకి షెడ్డు. ప్రసాదు గారు మాకంటే ముందే వచ్చి ఉన్నారు. ఇంజను మంచులా చల్లగా ఉంది. నాకు తాళం చెవి ఇచ్చారు. ఈ చప్పుడు మళ్లీ వస్తే రేపు ఆదివారం బండి తణుకు పోతుంది.

తిప్పాను. ఇంజను అందుకుంది. మావారు ఎవరూ అడక్కుండానే ఇంజను మీదకి వంగి, తల పక్కకి వాల్చి, ఇత్తడి బిందె కొట్టి వింటారే, అచ్చం అలా విన్నారు. ఒక నిమిషం. రెండు నిమిషాలు. లేచి నిలబడ్డారు.

"మోగట్లేదు" అన్నారు.

ప్రసాదు గారు స్కానరులో గీత చూపించారు. ముందు ఒకే చోట పడుకుని ఉండే గీత ఇప్పుడు పైకీ కిందకీ ఊగుతోంది. అలా ఊగడమే దానికి ఆరోగ్యమట. కోడు తుడిచి లైటు ఆర్పేసి, "ఓ వారం పొద్దుపొద్దున్నే చూసుకోండమ్మా. ఏదన్నా ఉంటే నాకు మీరే ఫోన్ చెయ్యండి" అన్నారు. మీరే అన్నారు. గుర్తు పెట్టుకున్నాను.

తిరుగు ప్రయాణంలో దెందులూరు దాటేదాకా మావారి చెవి ఇంజను వైపే ఉంది. భీమడోలు దగ్గర అదే టీ కొట్టు ముందు ఆపాను. ఆవిడ ఆయన్ని చూసి, "ఈసారి సార్‌ని కూడా తీసుకొచ్చారే" అంది. ఆయన నా వైపు వింతగా చూశారు. నేను గూడబాతుల సంగతి చెప్పాను, స్టిక్కరు ఊడని గిన్నె సంగతి చెప్పాను, ముప్పై ఏళ్లుగా తెల్లారకముందే గట్టెక్కే మనిషి సంగతి చెప్పాను. మాకింత దగ్గర్లో అంత ఓపిక, అంత మర్యాద ఉందని తెలీకుండా బతికాం. నేను చూసింది కొల్లేరులో ఓ మూల. మిగతాదంతా చూడాలనుంది.

ఆయన అంతా విన్నారు. ఆదివారం గురించి మాత్రం ఒక్క ముక్క అనలేదు. నేనూ అడగలేదు.

తొమ్మిదిన్నరకి గూడెం. ఇంటికి కాదు, కొట్టు దగ్గర ఆపమన్నారు. దిగి, నా వైపు వచ్చి చెయ్యి చాచారు. "తాళం చెవి ఇటివ్వు."

లైటు ఆరినా ఇచ్చేస్తారన్నమాట. తణుకు వాళ్లకి మాటిచ్చేసి ఉంటారు. తాళం చెవి ఆయన చేతిలో పెట్టి, స్టీరింగు పట్టుకుని అలాగే కూచుండిపోయాను. ఆయన షట్టరు ఎత్తి లోపలికి వెళ్లారు. కాసేపటికి జుర్రుమని మిషను చప్పుడు. శనివారం పొద్దున్నే ఎవరి గిన్నెకి పేరు కొడుతున్నారా అని విసుగేసింది.

బయటికొచ్చి తాళం చెవి నా ఒళ్లో పడేశారు. దానికి ఒక చిన్న స్టీలు బిళ్ల వేలాడుతోంది. బిళ్ల మీద మావారి గుండ్రటి అక్షరాల్లో "రాజ్యలక్ష్మి" అని ఉంది.

"ఇంటిపేరు పట్టలేదు" అన్నారు, ఎటో చూస్తూ. "కావాలంటే పెద్ద బిళ్ల మీద మళ్లీ కొడతాను."

"వద్దండీ" అన్నాను. "ఇదే బాగుంది."